ఒకరు కళ్ళు తెరిచి ఉండాలి

మామయ్యగారు ముగింపు ప్రార్థన చేస్తుండగా నేను కళ్ళు తెరిచాను. ఏ చప్పుడూ విని కాదు, పాప టోపీ గాలికి జారిపోయిందేమోనని. టోపీ సరిగ్గానే ఉంది. తల ఎత్తేసరికి, మేం పొద్దున నడిచి వచ్చిన ఇసుకలో ఆకాశం కనబడింది. వచ్చేటప్పుడు ఆ ఇసుక తడిసిన గోధుమపిండి రంగులో, ఏ మెరుపూ లేకుండా, పెద్ద మైదానంలా పరుచుకుని ఉంది. ఇప్పుడు దాని లోపల మబ్బులు నెమ్మదిగా కదులుతున్నాయి. మా అడుగుల వరస దిగువన మొదలై, కొంతదూరం వెళ్ళి, ఆగిపోయింది. ఆ తర్వాత అడుగుల్లేవు. అవతలి ఒడ్డున మా అద్దె కారు అగ్గిపెట్టె అంత కనిపిస్తోంది.

పక్కనే ఉన్న నా భర్త సునీల్‌ని మోచేత్తో పొడిచాను. అతను కళ్ళు తెరవకుండానే డైపర్ల బ్యాగు నావైపు జరిపాడు. అత్తయ్యగారు తల మీద కొంగు కప్పుకుని, గడ్డం ఛాతీకి ఆనించి కూర్చున్నారు. మామయ్యగారి ముగింపు ప్రార్థనకి ఒక దారి ఉంది, అది మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. ముందు కుటుంబం, తర్వాత బాపట్లలో బంధువులు, తర్వాత జబ్బుపడ్డవాళ్ళు పేరుపేరునా, తర్వాత సంఘం, గుడి కట్టడం, పాలకులు, చివరికి సరిహద్దుల్లో సైనికులు. ఆయన ఇంకా జబ్బుపడ్డవాళ్ళ దగ్గరే ఉన్నారు. ప్రార్థన మధ్యలో మాట్లాడటం మా ఇళ్ళలో లేదు. పాలు పొంగినా, ఎవరైనా తలుపు బాదినా, ఆమెన్ అయ్యాకే. "మామయ్యగారూ" అన్నాను చిన్నగా. పిల్లలు అల్లరి చేస్తే పెంచినట్టు ఆయన గొంతు కాస్త పెంచారు. "మామయ్యగారూ, నీళ్ళొచ్చేస్తున్నాయి" అన్నాను ఈసారి గట్టిగా. అత్తయ్యగారు కళ్ళు మూసుకునే నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కారు. ఆయన గొంతు ఒక్క క్షణం తడబడింది. ఒక మేనత్త మోకాళ్ళ నొప్పిని సగంలో వదిలేసి ఆమెన్ అన్నారు. సైనికులు లేకుండా ఆయన ప్రార్థన ముగియడం నేను విన్నది అదొక్కసారే.

ఇది ఐర్లండులో జరిగింది, ఎనిమిదేళ్ళు కావస్తోంది. అప్పుడు ఏడునెలల పిల్ల హన్నా ఇప్పుడు మూడో క్లాసు. తర్వాత పుట్టిన జోయెల్‌కి అయిదేళ్ళు. మేమిప్పుడు ఉండేది అమెరికాలో, బెంటన్‌విల్‌లో. పాల ప్యాకెట్ కావాలన్నా కారు తియ్యాల్సిన ఊరు. ఆదివారం మధ్యాహ్నం అమెరికన్ చర్చి వాళ్ళు అద్దెకిచ్చిన హాల్లో మా తెలుగు ఆరాధన. ఈ వచ్చే శనివారం సంఘం పిక్నిక్ ఉంది, లేక్ దగ్గర. వినోద్ అంకుల్ బోటు తెస్తున్నాడు, పిల్లలందర్నీ ఎక్కించుకుని తిప్పుతాడట. హన్నా వారం నుంచి అడుగుతోంది. "మమ్మీ, నాకు స్విమ్మింగ్ వచ్చు. లైఫ్ జాకెట్ కూడా ఉంటుంది. సండే స్కూల్లో అందరూ ఎక్కుతారు, నేనే ఎక్కను." ఈతకి రెండేళ్ళు పంపింది నేనే. పంపి, ఆ కొలను పక్కన బెంచీ మీద ఫోను కూడా తియ్యకుండా, నీళ్ళలో ఏ తల దానిదో పోల్చుకుంటూ కూర్చున్నదీ నేనే. కానీ ఆ కొలనుకి అడుగు కనిపిస్తుంది. లేక్‌కి కనిపించదు. రేపు చెప్తానన్నాను. "రేపు చెప్తా అంటే నో అనే కదా" అంది హన్నా, దాని అమెరికా యాసలో, వాళ్ళ నాన్న వైపు తిరిగి. సునీల్ ప్లేటులోకి చూస్తూ అన్నం కలుపుకున్నాడు.

ఇదంతా ఇవాళ రాత్రి భోజనాల దగ్గర. దానికి కాస్త ముందు, సాయంత్రం, పిక్నిక్‌కి ఐస్ బాక్స్ కోసం గరాజ్‌లో వెతుకుతుంటే జోయెల్ ఒక అట్టపెట్టెలోంచి షూ ఒకటి లాగాడు. ముదురు నీలం కాన్వాసు, ఎడమ కాలిది. "మమ్మీ, ఈ షూ ఎవరిది? ఇంకోటి ఎక్కడ?" తాతయ్యది అన్నాను. ఈ వేసవి మొదట్లో మామయ్యగారు పోయారు. సునీల్ ఒక్కడే వెళ్ళొచ్చాడు, అత్తయ్యగారు ఇప్పుడు హైదరాబాదులో మా ఆడబిడ్డ దగ్గర ఉన్నారు. తాతయ్య పేరు వినగానే హన్నా షూ అందుకుని లోపల చెయ్యి పెట్టి చూసింది, ఇంకా ఇసుక రాలుతుందేమో అన్నట్టు. "ఒకటే ఎందుకు దాచావు?" దానికీ రేపు చెప్తాననే అన్నాను. ఒకే రోజు రెండు రేపులు. అందుకే ఇప్పుడు పిల్లలు పడుకున్నాక కూర్చుని ఇది రాస్తున్నాను. మధ్యలో లేచి వెనక తలుపు గడియ చూసి వచ్చాను. వాతావరణం చూశాను. శనివారం ఎండే అంటోంది, మళ్ళీ చూశాను.

డబ్లిన్‌లో మాది రెండు గదుల ఫ్లాటు. హన్నా పుట్టినప్పుడు మా అమ్మ వచ్చి వెళ్ళాక, అత్తయ్యగారూ మామయ్యగారూ వచ్చారు. ఆ ఫ్లాటు నాకిప్పుడు వాసనలుగానే గుర్తు. హీటర్ మీద ఆరని బట్టల వాసన, పాప నెత్తిన కొబ్బరినూనె, మామయ్యగారి తలనొప్పి బామ్, వానకి తడిసి తలుపు వెనక వేలాడే నాలుగు కోట్లు. మామయ్యగారు హైస్కూల్లో లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు, సంఘంలో పెద్ద. సాయంకాల ప్రార్థన దీపాలు పెట్టే వేళకి చెయ్యడం ఆయన అలవాటు. ఐర్లండు వేసవిలో రాత్రి పదిదాకా చీకటి పడదు. మొదటి వారం ఆయన కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని పొద్దు గుంకడం కోసం ఎదురుచూశారు, మేం ఆకలితో ఆయన కోసం ఎదురుచూశాం. చివరికి అత్తయ్యగారు, "ఏవండీ మాస్టారూ, దేవుడికి ఇక్కడి గడియారం కూడా తెలుసు లెండి" అంటే కంచాలు కదిలాయి. అత్తయ్యగారు పోపు వేస్తే పొగకి అలారం మోగేది. అందుకని ఆవిడ ఆవాలు వేసే ముందు కేకేసేవారు, మామయ్యగారు బల్లెక్కి టవలుతో అలారం కింద విసిరేవారు. ఇద్దరికీ అదొక పని, రోజూ అదే పని, ఏ రోజూ విసుక్కోలేదు. నేనే విసుక్కునేదాన్ని. పాప నిద్రపోవాలి, బాటిళ్ళు మరగాలి, ఏ గంటకి ఎంత తాగిందో గుర్తుండాలి. అత్తయ్యగారు వేలితో ఒక మెతుకు పాప నోటికి రాసినా నేను వెంటనే తుడిచేసేదాన్ని.

నా మొహం చూసే సునీల్ ఆ వారాంతం బయల్దేరదీశాడు. పడమటి తీరంలో ఒక చిన్న ఊళ్ళో రెండు రాత్రులకి ఇల్లు తీసుకున్నాడు. "ఏమీ చెయ్యొద్దు, రెండ్రోజులు ఊరికే ఉందాం" అన్నాడు. శనివారం నిజంగానే ఊరికే ఉన్నాం. రాళ్ళు పేర్చిన గోడల మధ్య చిన్న చిన్న పచ్చిక మళ్ళు, గొర్రెల వీపుల మీద ఎవరివో గుర్తుకి పూసిన నీలం మచ్చలు, ఎర్ర మచ్చలు. మామయ్యగారు గోడకి ఆనుకుని నీలంవి ఎన్నో, ఎర్రవి ఎన్నో లెక్కపెడుతూ సగం పూట గడిపారు. ఎవరి ఇంటి పొయ్యిలోంచో మట్టి కాలిన వాసన వస్తుంటే అత్తయ్యగారు గుమ్మంలో నిలబడి గుండెనిండా పీల్చి, "ఇదేదో మనూళ్ళో కుంపటి వాసనలా ఉందే" అన్నారు. అందరూ మధ్యాహ్నం నిద్రపోయారు. నేను మాత్రం ఆ ఇంటి మెట్లకి పాప పడకుండా ఏం అడ్డం పెట్టాలా అని చూశాను. అది అప్పటికి పాకడం కూడా మొదలుపెట్టలేదు.

ఆదివారం ఆ చిన్న ద్వీపానికి వెళ్ళాం. ఆటు మీద సముద్రం వెనక్కి తగ్గితే నడిచే వెళ్ళొచ్చు, పోటు వస్తే దారి మునిగిపోతుంది. ఒడ్డున పెద్ద బోర్డు ఉంది, దాటే వేళలు రాసి. సునీల్ దాన్ని ఫోనులో ఫొటో తీసుకున్నాడు. "పులిహోర తిని వచ్చేయడానికి బోలెడు టైముంది" అన్నాడు. తినడానికి లెక్క వేశాడు గానీ, ఆ రోజు ఆదివారమని, చర్చి మానేసి వచ్చామని, ఆరాధన కానిదే వాళ్ళ నాన్న మెతుకు ముట్టరని లెక్క వెయ్యలేదు. ద్వీపం మీద కప్పులేని పాత రాతి కట్టడం ఒకటి కనబడగానే మామయ్యగారి మొహం వెలిగిపోయింది. గోడ చాటున దుప్పటి పరిచి మూడు పాటలు పాడించారు. బైబిల్లో సముద్రం పాయలుగా చీలి దారి ఇచ్చిన భాగం చదివి వాక్యం చెప్పారు. ఇప్పుడే సముద్రపు అడుగున ఆరిన నేల మీద నడిచి వచ్చిన మనిషి, ఆ సంతోషం ఆయన్ని ఆగనివ్వలేదు. దాటిన ఆనందం దగ్గరే ఉండిపోయారు. నీళ్ళు మళ్ళీ మూసుకున్న సంగతి దాకా రానేలేదు.

ఆమెన్ అయ్యాక అందరం దిగువకి పరుగెత్తాం. మా పొద్దుటి ఇసుక మీద నీళ్ళు రెండు వైపులనుంచీ వస్తున్నాయి. అల లేదు, చప్పుడు లేదు, నేల మీద ఒలికిన నీళ్ళు పాకినట్టు పాకుతున్నాయి. పాపకి బాటిల్ ఒకటే మిగిలింది. సునీల్ పాపని ఛాతీకి కట్టుకునే సంచిలో వేసుకుని బెల్టు బిగించాడు. "చీలమండ లోతే. ఇప్పుడే వెళ్ళిపోతే వెళ్ళిపోవచ్చు, పదండి." నేనూ అదే అన్నాను. అక్కడ ఒక్క క్షణం ఉండాలని లేదు నాకు. నా కాళ్ళు అప్పటికే నీళ్ళలో ఉన్నాయి.

"ఆగండి" అన్నారు మామయ్యగారు. "ముందు నేను వెళ్తా. బాపట్లలో నేను చూడని సముద్రమా? వచ్చిందంటే పదడుగులు, పోయిందంటే పదడుగులు. నేను చెయ్యి ఊపాక మీరు రండి." ప్యాంటు మడుచుకున్నారు.

"షూ విప్పండి" అన్నారు అత్తయ్యగారు.

"రాళ్ళుంటాయే."

ఆయన మా అడుగుల వరస పట్టుకుని వెళ్ళారు. నీళ్ళు మోకాళ్ళ కిందకే ఉన్నాయి. సగం దూరం కూడా వెళ్ళలేదు, వెనక్కి తిరిగి చెయ్యి ఎత్తబోయారు. ఊపడానికే అనుకున్నాను. ఆ చెయ్యి ఊగలేదు, పక్కకి ఒరిగింది. మనిషి తొడల దాకా దిగిపోయారు. ఇంకో కాలు ముందుకు వేసి లాగుదామని చూస్తే నడుము దాకా అయింది. ఆయన కేక వెయ్యలేదు. అత్తయ్యగారు వేశారు. సునీల్ పాపని సంచితో సహా నా మెడలో వేసి పరుగెత్తాడు. నేను పాప తల నా గడ్డం కింద నొక్కి పట్టుకుని, తండ్రీ కొడుకుల రెండు తలలు చూస్తూ నిలబడ్డాను. సునీల్ బోర్లా పడుకున్నట్టు వంగి ఆయన చంకల కింద చేతులు వేసి లాగాడు. ఒకసారి ఇద్దరూ కూలబడ్డారు. లేచారు. వచ్చేశారు.

ఒడ్డెక్కాక మామయ్యగారి కుడి కాలికి షూ లేదు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. అత్తయ్యగారు నా శాలువాతో ఆయన తల తుడిచారు, ఒళ్ళు తుడిచారు, అదే ఆయనకి చుట్టబెట్టారు. గులాబీ రంగు శాలువాలో మా మామయ్యగారు. అప్పుడు అన్నారావిడ, "ఏం మాస్టారూ, బాపట్ల సముద్రమేనా?" ఆయన నవ్వలేదు. సునీల్ ఫోను తీశాడు. సిగ్నల్ లేదు గానీ బోర్డు ఫొటో ఉంది. దాన్ని పెద్దది చేసి చదివాడు. వేళల కింద ఎర్ర అక్షరాల్లో ఉంది, ఇసుక మీద నీళ్ళు కనిపిస్తే దాటొద్దు, నీళ్ళు పూర్తిగా పోయేదాకా ద్వీపం మీదే ఆగండి అని. ఆగితే ఏ ప్రమాదమూ లేదు. ఆగడమే నా వల్ల కానిది.

మళ్ళీ ఆ గోడ చాటుకే వెళ్ళాం. అత్తయ్యగారు టిఫిన్ డబ్బాలు విప్పారు. పులిహోర, ఉడికించిన గుడ్లు, పెరుగన్నం, ఊరమిరపకాయలు. టీ తాగడానికి కూడా ప్రార్థన చేసే మామయ్యగారు కంచం వైపు చూసి, నావైపు చూసి, "నువ్వు చెయ్యమ్మా" అన్నారు. పెళ్ళయ్యాక ఆ ఇంట్లో నన్ను ప్రార్థన చెయ్యమనడం అదే మొదటిసారి. అందరూ తలలు వంచారు. నేను నీళ్ళ వైపే చూస్తూ, "ప్రభువా, ఈ పిల్లని ఇంటికి చేర్చు, ఆమెన్" అన్నాను.

"ఇంతేనా!" అన్నారు అత్తయ్యగారు కళ్ళు తెరిచి. "చూశారా? మీరూ ఇలా చేసుంటే ఈపాటికి కార్లో ఉండేవాళ్ళం." అప్పుడు నవ్వారాయన.

మిగిలిన పూటంతా, చెప్తే నమ్మరు, వాళ్ళకి హాయిగా గడిచింది. ఎండ వచ్చింది. గడ్డిలో కుందేళ్ళు తిరిగాయి. సునీల్ టోపీ మొహం మీద వేసుకుని నిద్రపోయాడు. బాటిల్ అయిపోయి పాప ఏడుపు ఎత్తుకుంటే అత్తయ్యగారు నన్నేమీ అడక్కుండా పెరుగన్నం వేళ్ళతో మెత్తగా మెదిపి, ఒక్కొక్క చుక్కా నాలిక మీద రాశారు. పాప చప్పరించింది. ఇంకా అని నోరు తెరిచింది. నేను వద్దనలేదు. నేను నీళ్ళ అంచున నా జడ క్లిప్పు గుచ్చి, వెళ్ళి నీళ్ళు దానికి ఎంత దూరంలో ఉన్నాయో చూసి వచ్చి, కూర్చుని, మళ్ళీ వెళ్తున్నాను. "కూర్చో సుధా, నువ్వు చూసినా అది వచ్చినట్టే వస్తుంది, పోయినట్టే పోతుంది" అన్నారు అత్తయ్యగారు. కూర్చోలేకపోయాను.

సాయంత్రం అవతలి ఒడ్డు నుంచి ఎవరో కుక్కని తీసుకుని ఇసుక మీదకి దిగాక మేమూ దిగాం. మధ్యలో ఒకచోట కుక్కతో వస్తున్న మనిషి పక్కకి చుట్టు తిరిగి నడవడం చూశాం. అక్కడ ఇసుక గుంటపడి ఉంది, ఇంకా నీళ్ళు నిలిచి ఉన్నాయి. షూ కోసం సునీల్ ఒక కర్రతో పొడిచి చూశాడు, కర్ర దిగుతూనే ఉంది. పాప మళ్ళీ అతని ఛాతీ మీద సంచిలో ఉంది, కాళ్ళు ఆడిస్తోంది. అతను కర్ర వదిలేసి, ఆ గుంటని చూశాడు, పాప తలని చూశాడు. తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు. కారు దాకా వదల్లేదు. మేం ఆ మాట అప్పుడూ అనుకోలేదు, తర్వాతా అనుకోలేదు. మామయ్యగారు మాత్రం ఎన్నిసార్లు చెప్పినా అదొక నవ్వులాటగానే చెప్పారు. ఐర్లండు సముద్రానికి ఒక షూ అప్పిచ్చాననీ, ఏ పోటుకో తెచ్చిస్తుందనీ, రెండోది పారెయ్యొద్దనీ. ఆయన నిజంగా బాపట్ల సముద్రమనుకునే దిగారా, లేక మనవరాలి కంటే ముందు తన కాలు పడాలని దిగారా? అడగాలని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. అడిగితే ఇంకోసారి షూ జోకు వేసేవారు.

ఆ రోజు కారు కదిలే ముందు ప్రయాణ ప్రార్థనకి తల వంచబోతూ ఆయన ఆగారు. "అమ్మా సుధా, నువ్వు కళ్ళు మూయకు. ఒకరు కళ్ళు తెరిచి ఉండాలి." అప్పటినుంచీ అదే మా ఇంటి పద్ధతి. మేం అమెరికా వచ్చాక వీడియో కాల్‌లో కూడా, "సుధ చూస్తోందా? సరే, అందరూ కళ్ళు మూసుకోండి" అనేవారు. పిల్లలు పకపకా నవ్వేవారు. ఆయన దృష్టిలో అది ఒక గౌరవం. నాకూ మొదట్లో అలాగే ఉండేది. కానీ ఎనిమిదేళ్ళుగా నేను కళ్ళు దించలేదు. ఆరాధనలో అందరి తలలూ వంగి ఉంటే నేను తలుపుల వైపు చూస్తాను. ఊళ్ళో అప్పుడప్పుడు పరీక్షకని మోగించే సుడిగాలి సైరన్ విని, పరీక్షే అని తెలిసినా, పిల్లల చెప్పులు మెట్ల కింద గదిలో పెడతాను. అప్పుడు ఆ ద్వీపం మీద, తడిసిన మనిషీ, అయిపోయిన బాటిలూ, చుట్టూ నీళ్ళూ ఉండి కూడా ముగ్గురు పెద్దవాళ్ళు గడ్డి మీద వెనక్కి వాలగలిగారు. ఇప్పుడు గడియ పెట్టిన ఇంట్లో నేను వాలలేకపోతున్నాను. చూడమని చెప్పిన మనిషి పోయారు, ఇక చాలమ్మా అనే మాట చెప్పకుండానే.

రాత్రి అక్కడిదాకా రాసి ఆపాను. పొద్దున పిల్లలు బల్ల దగ్గర కూర్చునేసరికి షూ మధ్యలో ఉంది, హన్నా పెట్టింది. జోయెల్ దానికి ఎదురుగా గడ్డం ఆనించుకుని ఎదురుచూస్తున్నాడు. చెప్పాను. గులాబీ శాలువా, మాస్టారి సముద్రం, అన్నీ చెప్పాను, వాళ్ళు నవ్వారు. తర్వాత ఎప్పుడూ చెప్పనిది చెప్పాను. "రెండో షూ పోయిన చోట డాడీ కాలు పడేది. డాడీ ఛాతీ మీద నువ్వున్నావు హన్నా. తాతయ్య ముందు వెళ్ళారు." సునీల్ కాఫీ కప్పు కింద పెట్టాడు. హన్నా షూ వైపు చూసి, నెమ్మదిగా, "అందుకే నాకు బోట్ నో?" అంది.

"అందుకే ఇన్నాళ్ళూ నో" అన్నాను. "శనివారం ఎక్కు. జాకెట్ బెల్టు నేను బిగిస్తాను, అంతే. నేను ఒడ్డున కూర్చుంటాను. నిలబడను, కూర్చుంటాను."

అది కుర్చీలోంచి లేచిపోబోయింది. ఆగమన్నాను. దోసెలు చల్లారిపోతున్నాయి, ప్రార్థన కాలేదు.

"ఇవాళ ప్రార్థన నేను చేస్తాను, కళ్ళు మూసుకుని చేస్తాను" అన్నాను. "హన్నా, నువ్వు మూయకు. ఒకరు కళ్ళు తెరిచి ఉండాలి."